మూడు చుక్కల గుర్తు

(నల్గొండలో వర్క్‌షాపులు, రైస్ మిల్లులు, ఆసుపత్రులు, కాలేజీల స్టోర్లు చూసుకునేవారి కోసం జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరును వీలైనంత వరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనక కూర్చున్న అన్నకు? సరే.

నన్ను పిలిచినప్పుడు ఏమన్నారంటే, సామాన్లకు స్టిక్కర్లు వేసుకోవడం గురించి చెప్పండి, ఏ ప్రింటర్ కొనాలో చెప్పండి అన్నారు. ప్రింటర్ సంగతి ఐదు నిమిషాల్లో అయిపోతుంది, చివర్లో చెప్తాను. ముందు ఒక గ్రైండర్ కథ చెప్పాలి. ఇరవై ఆరేళ్ళు స్టోర్ కీపర్‌గా పని చేసినవాణ్ణి, కథ లేకుండా మాట్లాడడం నాకు రాదు.

అప్పట్లో మిర్యాలగూడ వైపు ఒక మిల్లులో స్టోర్ చూసేవాణ్ణి. పేరు చెప్పను, ఆ ఓనర్ ఇప్పటికీ నాకు పండగకు ఫోన్ చేస్తాడు. (నవ్వులు) మా దగ్గర నాలుగంగుళాల గ్రైండర్లు మూడు ఉండేవి. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే ఆకుపచ్చ రంగు. ఒక సోమవారం పొద్దున చూస్తే రెండే ఉన్నాయి. ఆ వారం స్టోర్‌లో హెల్పర్‌గా ఉన్నది అచ్చంపేట దిక్కు నుంచి వచ్చిన ఒక పోరడు. పంతొమ్మిదేళ్ళుంటాయి. తాళం వాడి దగ్గరే ఉండేది. ఇక చెప్పేదేముంది, అందరి కళ్ళూ వాడి మీదే. "నాకు తెల్వదన్నా, నేను ముట్టనే లేదు" అన్నాడు. ఎవరూ వాణ్ణి దొంగ అనలేదు. అనకపోవడమే ఇంకా ఘోరం. మాట్లాడుకుంటున్నవాళ్ళు వాడు రాగానే ఆపేసేవారు. పది రోజులు చూసి, జీతం కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు.

నెలన్నర తర్వాత ఒక మోటార్ కాలిపోతే రివైండింగ్ షాపుకు తీసుకుపోయాను. ఆయన వైరు తెంపుతుంటే నేను ఊరికే అటూ ఇటూ చూస్తున్నాను. కింది అరలో పది పన్నెండు గ్రైండర్లు పడి ఉన్నాయి. అందులో ఒకదాని పిడికి మా మెకానిక్ చుట్టిన ఎర్ర టేపు. విషయం ఏంటంటే, మా మెకానికే కార్బన్ బ్రష్‌లు మార్చమని అక్కడిచ్చి, మరునాడు చెల్లె పెళ్ళికని లీవు మీద పోయాడు. వచ్చాక మర్చిపోయాడు. షాపాయన్ని అడిగితే, "ఎవరిదో నాకేం తెలుసన్నా, దాని మీద పేరు రాసుందా? చాక్‌పీస్‌తో రాసుకున్న, చెరిగిపోయింది" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు.

ఆ పోరడికి ఫోన్ చేశాను. "దొరికిందా అన్నా? మంచిది" అన్నాడు. అంతే, పెట్టేశాడు. మళ్ళీ రాలేదు.

సామానుకు నంబరు ఎందుకు వెయ్యాలి అంటే చాలామంది దొంగతనం ఆపడానికి అంటారు. దొంగతనం చేసేవాడు స్టిక్కర్‌కు భయపడడు, గోరుతో గీకి పారేస్తాడు. నా అనుభవంలో పోయిన సామానులో ఎక్కువ భాగం అసలు పోలేదు, ఎక్కడో ఉంది. ఎక్కడుందో చెప్పగలిగే మార్గం లేక మనం మనుషుల మీద పడతాం. నేను లేబుల్ వేసేది ఆ పోరడి లాంటివాళ్ళ కోసం.

సరే, అసలు విషయానికి వద్దాం. ఈ విద్య మనకు కొత్తదేం కాదు. మాది దేవరకొండ దగ్గర ఊరు. చిన్నప్పుడు మా వాడకంతా బట్టలు ఉతికే అవ్వ ఒకామె ఉండేది. నలభై ఇళ్ళ బట్టలు ఒకే రేవులో, ఒకే బండ మీద. ఏ ఇంటి అంగీ ఆ ఇంటికే వచ్చేది. ఎట్లా? నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ రసంతో బట్టకు గుర్తు పెట్టేది, దాని మీద కొంచెం సున్నం అద్దేది. అది ఇక పోదు. బట్ట చిరుగుతుంది గానీ గుర్తు చెరగదు. ఆ రసం చేతికి తగిలితే బొబ్బలొస్తాయి, పిల్లల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. మా ఇంటి గుర్తు మూడు చుక్కలు. ఎదురింటిది ఒక అడ్డగీత, ఒక చుక్క. అంగీ అయితే కాలర్ లోపల, చీర అయితే కుచ్చిళ్ళ కిందికి పోయే అంచు మీద. ఎప్పుడూ అక్కడే. వెతుక్కోవాల్సిన పనే లేదు.

ఆ గుర్తులో మా నాయన పేరు లేదు, వాడ పేరు లేదు, అంగీ ఎప్పుడు కొన్నామో లేదు. మూడు చుక్కలు, అంతే. మిగతాదంతా అవ్వ బుర్రలో ఉంది. లేబుల్ పని మొత్తం ఇదే. చెరగని గుర్తు, ఎప్పుడూ ఒకే చోట, వీలైనంత చిన్నది. కాకపోతే ఆ అవ్వ పోయిన ఏడాది మా వాడలో బట్టలు నానా తారుమారు అయ్యాయి. ఆమె కోడలికి గుర్తులు కనబడుతున్నాయి, ఏది ఎవరిదో తెలియదు. మన స్టోర్లలో జరిగేది కూడా అదే. స్టోర్ కీపర్ రిటైరైతే సగం సామాను ఆయనతో పాటే రిటైరైపోతుంది. (నవ్వులు) అందుకని గుర్తుకు తోడు పుస్తకం. అది చేత్తో రాసే రిజిస్టర్ కావచ్చు, కంప్యూటర్‌లో ఎక్సెల్ కావచ్చు. పుస్తకం లేని లేబుల్ వట్టి బొట్టుబిళ్ళే.

దీనికి పూర్తిగా వ్యతిరేకం ఇంకొకటుంది, అది కూడా మన ఇళ్ళలోదే. స్టీలు సామాన్ల షాపులో పేరు కొట్టించడం. బిందె కొంటే చాలు, గుర్రుమని మిషన్ పెట్టి, ఫలానా వారి గృహప్రవేశం, తారీకు, ఇచ్చినవాళ్ళ పేరు, ఊరు, అన్నీ చెక్కిస్తాం. బిందెకు అది బాగుంటుంది. జ్ఞాపకం కదా. మిషన్లకు కూడా అదే చేస్తున్నారు చూడండి, అక్కడొస్తుంది చిక్కు. మొన్న ఒక ఆఫీసులో చూశాను. స్టిక్కర్ మీద సంస్థ పేరు, డిపార్ట్‌మెంట్, రూము నంబరు, కొన్న తేదీ, బిల్లు నంబరు, ధర. అన్నీ చీమ తలకాయలంత అక్షరాల్లో. ఆ కంప్యూటర్ ఇప్పుడు వేరే రూములో ఉంది. స్టిక్కర్ మాత్రం "రూము నంబరు 4" అని అబద్ధం చెప్తూనే ఉంది. మారే సంగతి ఏదీ లేబుల్ మీద రాయకూడదు. రూము మారుతుంది, డిపార్ట్‌మెంట్ పేరు మారుతుంది, వాడే మనిషి మారతాడు. మారనిది నంబరు ఒక్కటే.

ఆ నంబరులో కూడా తెలివితేటలు దూర్చకండి. ఎలక్ట్రికల్‌కు ఇది, మెకానికల్‌కు అది, తర్వాత సంవత్సరం, తర్వాత బిల్డింగు, ఇట్లా గీతలు పెట్టుకుంటూ పోతారు. మొదటి నెల ముచ్చటగా ఉంటుంది. వెల్డింగ్ మిషన్ ఎలక్ట్రికలా, మెకానికలా అని రెండో నెలలో పంచాయితీ మొదలవుతుంది. మీ ఇంట్లో బర్రెలు ఉన్నవాళ్ళు చూసే ఉంటారు, చెవికి పసుపు పచ్చ బిళ్ళ వేస్తున్నారు. దాని మీద 12 అంకెలు. అందులో ఊరు లేదు, యజమాని లేడు. ఆ బర్రెను సంతలో అమ్మితే బిళ్ళ మార్చక్కర్లేదు, కంప్యూటర్‌లో పేరు మారుస్తారు. అంత బుద్ధి మన డ్రిల్ మిషన్‌కు ఎందుకు చూపించం?

మీకు 12 అంకెలు అక్కర్లేదు. నాలుగు చాలు. 1001 నుంచి మొదలుపెట్టండి. 0001 నుంచి వద్దు, ఎందుకో చెప్తాను. ఎక్సెల్‌లో 0001 అని కొడితే అది ముందున్న సున్నాలు మింగేసి 1 అని చూపిస్తుంది. తర్వాత వెతికితే దొరకదు. అలాగే 3-5 అని కొడితే తారీకు చేసేస్తుంది. నేను ఒకసారి రెండు రోజుల పని ఇట్లా పోగొట్టుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు వాడితే ఓ అక్షరం సున్నాలా, ఐ అక్షరం ఒకటిలా కనబడుతుంది. వాచ్‌మన్ ఒకటి రాసుకుంటే క్లర్కు ఇంకొకటి చదువుతాడు. అంకెలతో సరిపెట్టుకుంటే ఏ గొడవా లేదు. ఒక సామాను పాడై తీసేస్తే దాని నంబరు మళ్ళీ ఇంకోదానికి ఇవ్వకండి. ఆ నంబరు దానితోనే పోవాలి.

ఇక స్టిక్కర్ దగ్గరికి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే డబ్బులు వృథా అయ్యేది ఇక్కడే.

అక్కలు ఇక్కడ చాలామంది ఉన్నారు. బస్సులో జీరో టికెట్ ఇస్తారు కదా, ఎవరి పర్సులోనైనా నెల కిందటిది ఉంటే తీసి చూడండి. చూడండి, పర్వాలేదు. (కాసేపు ఆగి) ఆ, ఆ అక్క చూపిస్తున్నారు. తెల్లగా అయిపోయింది, అవునా? దాని మీద సిరా లేదు. ఆ కాగితానికే ఒక పూత ఉంటుంది, వేడి తగిలితే నల్లబడుతుంది. దీన్ని డైరెక్ట్ థర్మల్ అంటారు. ఏటీఎం స్లిప్పూ అంతే, కొరియర్ కవరు మీద స్టిక్కరూ అంతే. వారం బతికితే చాలనుకునే పనులకు అది. మన దగ్గర మే నెలలో 44, 45 డిగ్రీలు. రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. ఎండకు, వేడికి అది వెలిసిపోతుంది, లేదంటే మొత్తం నల్లబడుతుంది. చవకగా వస్తుందని అదే ప్రింటర్ కొని, ఐదు వందల సామాన్లకు అంటించి, ఏడాది తిరిగేసరికి ఐదు వందల తెల్ల ముక్కలు మిగిలినవాళ్ళు నాకు తెలుసు.

రెండో రకం థర్మల్ ట్రాన్స్‌ఫర్. ఇందులో రిబ్బన్ ఉంటుంది. వేడికి ఆ రిబ్బన్ మీది నలుపు కరిగి లేబుల్‌కు అతుక్కుంటుంది. రిబ్బన్లలో వ్యాక్స్ ఉంది, ప్లాస్టిక్ లాంటి రెజిన్ ఉంది, రెండూ కలిపింది ఉంది. వ్యాక్స్ అంటే మైనం. కాగితం మీద బాగానే వస్తుంది, గోరుతో గీకితే పోతుంది. ఆసుపత్రి వాళ్ళు ఎవరైనా వచ్చారా? మీరు రోజుకు ఎన్నిసార్లు స్పిరిట్ పెట్టి తుడుస్తారు? వ్యాక్స్‌తో కొట్టిన అక్షరాలు మీ దగ్గర నిలవవు. వర్క్‌షాపులో డీజిల్ చేతులు పడితే అక్కడా అంతే. పాలిస్టర్ లేబుల్, రెజిన్ రిబ్బన్, ఈ జోడీ పట్టుకోండి. చూడ్డానికి కాగితంలాగే ఉంటుంది, చింపి చూస్తే చిరగదు. అదే దాని పరీక్ష. షాపువాడు పాలిస్టర్ అని ఇస్తే అక్కడే ఒకటి చింపండి.

బాయిలర్ దగ్గర, డ్రైయర్ దగ్గర, సిమెంటు ఫ్యాక్టరీల్లో కొలిమిలోంచి క్లింకర్ గడ్డలు వచ్చే వైపు, ఇలాంటి చోట్ల స్టిక్కర్ ఆశలు పెట్టుకోవద్దు. అల్యూమినియం బిళ్ళ, రెండు రివిట్లు. బల్లెం పోటు వేసినా ఊడదు.

అంటించడం కూడా ఒక పనే. మిల్లుల వాళ్ళకు ప్రత్యేకంగా చెప్తున్నాను. మీ దగ్గర ఉండేది మామూలు దుమ్ము కాదు, తౌడు దుమ్ము. తౌడులో నూనె ఉంటుంది. ఆ నూనె తీసే కదా వంటకు అమ్ముతున్నారు. పొడిగుడ్డతో తుడిస్తే దుమ్ము పోతుంది, జిడ్డు ఉంటుంది, దాని మీద గమ్ము పట్టదు. ముందు పొడిగుడ్డ, తర్వాత స్పిరిట్ తడిపిన గుడ్డ, ఆరనివ్వాలి, అప్పుడు స్టిక్కర్. మధ్యలోంచి అంచుల వైపు బొటనవేలితో గట్టిగా నొక్కాలి. గమ్ముకు పూర్తి పట్టు వచ్చేసరికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అంటించగానే మూల ఎత్తి "ఊడొస్తోంది సార్" అనకండి. ఎత్తితే ఊడొస్తుంది మరి.

ఎక్కడ అంటించాలి? అవ్వ కాలర్ లోపలే ఎందుకు పెట్టింది? రుద్దుడు తక్కువ, మడత విప్పగానే కనబడుతుంది. మిషన్‌కూ అలాంటి చోటు వెతకాలి. ఊడిపోయే మూత మీద వద్దు. మోటార్ వెనక ఫ్యాన్ కవర్ మీద వేస్తారు, రివైండింగ్‌కు పోయినప్పుడు ఆ కవర్ ఇంకో మోటార్‌కు ఎక్కుతుంది. ఇక మీ ఐదు హెచ్‌పీ మోటార్ నంబరు పక్కింటివాడి మూడు హెచ్‌పీకి ఉంటుంది. బాడీ మీద వెయ్యండి. కంపెనీ వాడి నేమ్ ప్లేటు మీద మాత్రం అంటించకండి, దాని మీద ఉన్న సీరియల్ నంబరు మీ పుస్తకంలో ఎక్కాలి. మీ స్టిక్కర్ ఊడిపోయిన రోజు మిమ్మల్ని కాపాడేది ఆ సీరియల్ నంబరే. గ్రైండర్, డ్రిల్ లాంటివైతే చెయ్యి పట్టే చోట వద్దు, గాలి పోయే రంధ్రాల మీద వద్దు. పెట్టె ఉంటే పెట్టెకు కూడా అదే నంబరు. ఛార్జర్‌కు కూడా. ఛార్జర్లు ఎంత తొందరగా జతలు మారతాయో ఇంట్లో సెల్‌ఫోన్లు ఉన్న ఎవరికైనా తెలుసు.

గ్యాస్ సిలిండర్, పైపు లాంటి గుండ్రటి వాటికి ఒక చిన్న చిట్కా. బార్‌కోడ్ వేస్తుంటే గీతలు నిచ్చెన మెట్లలా ఉండేటట్టు అంటించండి. కంచె కర్రల్లా నిలబెట్టి వేస్తే అటూ ఇటూ గీతలు వంపు వెనక్కి పోతాయి, స్కానర్‌కు కనబడవు.

బార్‌కోడ్ అన్నాను కాబట్టి రెండు మాటలు. అమెరికాలో వుడ్‌ల్యాండ్, సిల్వర్ అని ఇద్దరు 1952లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. వుడ్‌ల్యాండ్‌కు ఈ ఆలోచన సముద్రం ఒడ్డున ఇసుకలో వేళ్ళతో గీతలు గీస్తుంటే వచ్చిందట. కానీ సూపర్ మార్కెట్‌లో మొదటి వస్తువు స్కాన్ అయింది 1974 జూన్ 26న, ఒహాయో రాష్ట్రంలో. ఏమిటా వస్తువు? చూయింగ్ గమ్ ప్యాకెట్. ఇరవై రెండేళ్ళు ఆగితే వచ్చింది చూయింగ్ గమ్. (నవ్వులు)

క్యూఆర్ కథ మనకు ఇంకా దగ్గరిది. చాయ్ బండి మీద, కొబ్బరిబోండాల బండి మీద చూసి అది డబ్బులు కట్టడానికే పుట్టిందనుకుంటాం. అది పుట్టింది స్టోర్ కీపర్ల బాధలోంచి. జపాన్‌లో డెన్సో అని కార్ల విడిభాగాలు చేసే కంపెనీ. బార్‌కోడ్‌లో పట్టేది ఇరవై అక్షరాల దాకానే. అందుకని ఒక్కో పెట్టెకు పది బార్‌కోడ్‌లు అంటించేవాళ్ళు, పనివాళ్ళు అవన్నీ ఒక్కొక్కటిగా స్కాన్ చెయ్యాలి. చేతులు నొప్పులు పుడుతున్నాయని మొర పెట్టుకున్నారు. మసహిరో హారా అనే ఇంజనీరు తన జట్టుతో కలిసి 1994లో క్యూఆర్ తెచ్చాడు. నల్లరాళ్ళు, తెల్లరాళ్ళతో ఆడే గో అనే ఆట బోర్డు చూసి ఆయనకు ఆ ఆలోచన తట్టిందట. మూడు మూలల్లో పెద్ద చదరాలు ఉంటాయి చూడండి, ఎటు తిప్పి పట్టుకున్నా ఫోన్‌కు దిక్కు తెలిసేది వాటివల్లే. ఇంకో గొప్పతనం, కొంత చిరిగినా చదువుతుంది. తప్పులు సరిచేసుకునే స్థాయిలు నాలుగు ఉంటాయి, అన్నింటికన్నా పై స్థాయి పెట్టుకుంటే సుమారు 30 శాతం దాకా చెడినా నెట్టుకొస్తుంది. వర్క్‌షాపుల వాళ్ళు అదే పెట్టుకోండి.

క్యూఆర్‌లో ఏం పెట్టాలి? మళ్ళీ అదే మాట, నంబరు ఒక్కటే. కొందరు వెబ్‌సైట్ లింకు పెట్టిస్తారు. స్కాన్ చెయ్యగానే ఫోటోతో సహా వివరాలన్నీ వస్తాయి, చూపించుకోవడానికి బాగుంటుంది. రెండేళ్ళకు ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి డబ్బులు కట్టడం మానేస్తారు, లింకు చచ్చిపోతుంది, ఆ నల్ల చదరం దేనికీ పనికిరాదు. నంబరు మాత్రమే ఉంటే రేపు ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా అదే స్టిక్కర్ పనికొస్తుంది. ఆ నంబరు పక్కనే పెద్ద అంకెల్లో కూడా ఉండాలి. రాత్రి పూట గేటు దగ్గర వాచ్‌మన్ టార్చి వేసి కళ్ళతో చదవగలగాలి. క్యూఆర్ ఫోన్‌కు, అంకెలు మనిషికి. చుట్టూ కొంచెం తెల్ల ఖాళీ వదలండి, గీత గీసి, లోగో పెట్టి ఇరుకు చెయ్యొద్దు.

మొదటి రోజు ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. అందరూ పాత రిజిస్టర్ ముందు పెట్టుకుని, అందులో ఉన్నవి వెతకడానికి బయల్దేరతారు. అది వద్దు. రిజిస్టర్ బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. ఇద్దరు మనుషులు, ఒక స్టిక్కర్ రోల్, ఒక ఖాళీ నోటుబుక్కు. గుమ్మం దగ్గర మొదలుపెట్టి గోడ పట్టుకుని కుడివైపుగా తిరగండి. కనబడిన ప్రతిదానికీ నంబరు, ఒక ఫోన్ ఫోటో, ఒక వరుస. ఒకరు తుడిచి అంటిస్తారు, ఒకరు చదివి రాస్తారు. అంతా అయ్యాక పాత రిజిస్టర్ తీసి జత చూడండి. అప్పుడు రెండు కుప్పలు మిగులుతాయి. పుస్తకంలో ఉండి నేల మీద లేనివి. నేల మీద ఉండి పుస్తకంలో లేనివి. మొదటి కుప్ప చూసి భయపడతారు గానీ, నన్నడిగితే రెండోదే తమాషా. ఒక కాలేజీలో నేను ఈ పని చేస్తే ఎవరూ కొనని లేత్ మిషన్ ఒకటి తేలింది. మంచి లేత్. బిల్లు లేదు, ఇండెంట్ లేదు. చివరికి ఒక ముసలి అటెండర్ చెప్పాడు, మూతపడిన ఇంకో సంస్థ నుంచి ట్రాక్టర్ మీద వచ్చిందని, సంతకం పెట్టాల్సిన సారు ఆ రోజు లేడని.

ఏడాదికి ఒకసారి లెక్క చూడడం మీ ఇష్టానికి వదిలిన సంగతి కూడా కాదు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ ఉన్నాయి, స్థిరమైన సామానును కనీసం ఏడాదికి ఒకసారి కళ్ళతో చూసి, ఫలితం రిజిస్టర్‌లో రాయాలంటాయి. లైబ్రరీలకు కూడా అందులోనే ఉంది. 20,000 పుస్తకాల లోపు ఉంటే ఏటా మొత్తం లెక్క చూడాలి, 50,000 దాకా అయితే మూడేళ్ళకు ఒకసారైనా చూడాలి. కంపెనీలైతే ఆడిటర్ తన రిపోర్టులో మీ యంత్రాలు, సామాను ఎక్కడున్నాయో రికార్డు ఉందా లేదా అని రాయాల్సిన వరుస ఒకటుంది. ఆ వరుసలో "లేదు" అని పడితే లోను అడిగినప్పుడు బ్యాంకువాడి మొహం మారుతుంది.

గేటు. నా గ్రైండర్ పోయింది గేటు దగ్గరే. సామాను బయటికి పోతే నంబరు, ఎవరు తీసుకుపోయారు, ఎక్కడికి, ఎప్పుడు తెస్తారు. నాలుగు గళ్ళు. రిటర్నబుల్ గేట్ పాస్ అంటారు, చిన్న మిల్లుకు నోటుబుక్కు చాలు. ప్రతి శనివారం ఆ పుస్తకంలో తిరిగిరాని వరుసలు చూడండి. వంద సాఫ్ట్‌వేర్లు చెయ్యలేని పని ఈ శనివారం పది నిమిషాలు చేస్తాయి.

ఇంకొక సంగతి, రెండు రకాల స్టిక్కర్లను కలపకండి. ఒకటి పేరు, ఒకటి జాతకం. నంబరు స్టిక్కర్ పేరు, అది మారదు. ఎప్పుడు సర్వీసు చేశారు, మళ్ళీ ఎప్పుడు చెయ్యాలి అన్నది జాతకం, మారుతూ ఉంటుంది. దానికి వేరే రంగు స్టిక్కర్ పక్కన వెయ్యండి, చేత్తో రాసినా పర్వాలేదు. తూనికల శాఖ వాళ్ళు ఎలక్ట్రానిక్ కాంటాకు ముద్ర వేస్తారు కదా, ఏడాదికోసారి. అందులో సంవత్సరంతో పాటు ఏ, బీ, సీ, డీ అని ఒక అక్షరం కూడా ఉంటుంది, ఏ మూడు నెలల్లో ముద్ర పడిందో చెప్పడానికి. కాంటా ఎవరిదైనా, నంబరు ఏదైనా, ఆ ముద్ర సంగతి వేరు. వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ చూసే మీటర్ తీసుకోండి. తేమ 17 శాతం దాటితే వడ్లు కాంటా ఎక్కవు. పదిహేడున్నర చూపించిందంటే ఆ రైతు ఇంకో రెండు రోజులు ఎండబెట్టాలి, పైన మబ్బు పట్టి ఉంటుంది. "మీ మీటర్ తప్పు" అని ఆయన అరిస్తే, ఈ మీటర్ ఫలానా తారీకున పరీక్ష చేసింది అని చూపించడానికి దాని మీద చిన్న చీటీ ఉంటే సగం గొడవ అక్కడే చల్లారుతుంది.

అన్నింటికీ అంటించకండి. స్క్రూడ్రైవర్‌కు, చీపురుకు, ప్లాస్టిక్ కుర్చీకి నంబరు వేసుకుంటూ పోతే మూడో వారానికి మీకే విసుగొచ్చి మొత్తం వదిలేస్తారు. పోతే బాధపడేది, చేతులు మారేది, పరీక్ష చెయ్యాల్సింది, ఈ మూడింట్లో ఏదైనా అయితేనే నంబరు. కుర్చీలకు టెంట్ హౌస్ వాళ్ళు చేసేదే మేలు, వెనక రంగుతో రెండక్షరాలు.

ప్రింటర్ గురించి అడిగారు కదా. థర్మల్ ట్రాన్స్‌ఫర్ అయి ఉండాలి. 203 డీపీఐ అంటే మిల్లీమీటరుకు ఎనిమిది చుక్కలు, మామూలు లేబుళ్ళకు సరిపోతుంది. మల్టీమీటర్, ఆసుపత్రి పరికరాల లాంటి చిన్నవాటికి గోరంత లేబుల్ కావాలంటే 300 తీసుకోండి. రెండు మూడు వందల సామాన్లే ఉంటే అసలు ప్రింటర్ కొనకండి, బయట రోల్ కొట్టించుకోండి, వరుస నంబర్లతో. స్కానర్ కూడా వద్దు, జేబులో ఫోన్ ఉంది. అయిపోయింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు చూశారా.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక యువకుడు: సార్, మా దగ్గర స్టిక్కర్లు కావాలనే పీకేస్తున్నారు. ఏం చెయ్యాలి?)

పీకితే ముక్కలయ్యే రకం ఉంది తమ్మీ, పీకినచోట గుర్తు వదిలే రకం కూడా ఉంది. కొనొచ్చు. కానీ ముందు ఒకటి అడుగు. ఆ నంబరు వేశాక వాళ్ళ జీతంలోంచి ఎప్పుడైనా కోత పడిందా? పడింటే వాళ్ళు పీకుతారు. నేనైనా పీకుతా. సామాను పాడైందని చెప్పినవాడి దగ్గర డబ్బులు వసూలు చేసే చోట ఏ స్టిక్కరూ నిలవదు. ముందు ఓనర్‌తో ఆ మాట తేల్చుకుని, తర్వాత గమ్ము సంగతి చూడు.

(ఒక మహిళ: సార్, మాది మహిళా సంఘం, వడ్ల కొనుగోలు కేంద్రం నడుపుతాం. టార్పాలిన్లు రైతులకు ఇస్తాం, తిరిగి వచ్చేసరికి లెక్క తప్పుతుంది. స్టిక్కర్ వేస్తే ఒక్కరోజు కూడా ఆగలేదు.)

ఆగదు అక్కా. టార్పాలిన్ పాలిథిన్ కదా, దానికి గమ్ము పట్టదు, రంగు వేసినా రెండు మడతలకు పెళుసులై రాలిపోతుంది. మూలల్లో తాడు కట్టే రింగులు ఉంటాయి చూడండి, ఒక మూల రింగుకు అల్యూమినియం బిళ్ళ కట్టండి, వైరుతో. తాడుతో కడితే విప్పేస్తారు. బిళ్ళ మీద నంబరు ప్రింటు వద్దు, అచ్చు కొట్టించండి, లోతుగా. అన్ని టార్పాలిన్లకూ ఒకే మూలన. ఇచ్చేటప్పుడు రైతు పేరు ఎదురుగా ఆ నంబరు రాసుకోండి, అంతే. అచ్చు నంబరు చేత్తో తడిమినా తెలుస్తుంది. మీకు అది అవసరమయ్యేది వాన మొదలైన రాత్రే కదా, అప్పుడు కరెంటు ఎలాగూ ఉండదు.